రక్తశుద్ధి యంత్రము చెంత

తిరువూరునకు సమీపమున నున్న ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్లుగా అనేక కుటుంబములను పీడించుచున్నది. మూత్రపిండములు పూర్తిగా చెడినవారి రక్తమును యంత్రముచే శుద్ధి చేయుదురు. దీనినే డయాలసిస్ అందురు. వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు రోగి ఆ యంత్రము చెంత పరుండవలెను.

వైద్యుడు చికిత్స వ్రాసి వేఱొక రోగిని చూడబోవును. ఆ నాలుగు గంటలును కనిపెట్టియుండువాడు టెక్నీషియన్. అతడు మొదట రోగిని తూచును. చూచుటకిది అల్పకార్యము, కాని ఒంట చేరిన నీరెంతయో ఆ తూనికవలననే తెలియును. నీటిని మితిమీరి తీసినచో రక్తపుపోటు పడిపోవును. తక్కువ తీసినచో ఆయాసము తీరదు. ఒక్క పర్యాయమునకు నూరు లీటర్లకు పైగా శుద్ధజలము కావలెను. అందు క్లోరిన్ మిగిలియున్నచో రక్తకణములు చిట్లును. కావున రోగి రాకమునుపే ఆ నీటిని పరీక్షింపవలెను.

ఈ విద్యను ఇంటర్మీడియట్ పిమ్మట డిప్లొమాగాను, విజయవాడలో 1986లో స్థాపితమైన ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింద పట్టముగాను అభ్యసింపవచ్చును. ఇట్టి వృత్తుల శిక్షణకు దేశమంతట సమాన ప్రమాణములు ఏర్పరచుటకై పార్లమెంటు 2021లో శాసనము చేసినది. పుస్తకపు చదువు కొంతయే. తక్కినదెల్ల యంత్రము ప్రక్కనే. సూది గ్రుచ్చుట నేర్చుటకు ఓర్పుగల గురువే కాదు, ఓర్పుగల రోగియు కావలెను. రోగి చేయి చాచును. విద్యార్థి దానిపై వ్రేళ్లానించి, రక్తనాళపు అదురును గుర్తించిన పిమ్మటనే సూదిని చేతబట్టును.