పేరు చెప్పిన పిదప తీయు అచ్చు

తెలుగున చదువు బిడ్డలకు కంప్యూటరు విద్య పట్టుపడునా యని తల్లిదండ్రులు మమ్ము తరచుగా ప్రశ్నించుచుందురు. అందులకు ప్రత్యుత్తరముగా ఒక చిన్న పాఠమును ఇచట విన్నవించుచున్నాము.

బెంగళూరులో సంక్రాంతినాడు నువ్వులు, బెల్లముతోపాటు చక్కెర అచ్చులను పంచుట మీరెరిగినదే. కొయ్య అచ్చు ఒక్కటే. అందుండి వెలువడు చిలుకలు పెక్కు. ప్రోగ్రాములో ఆ అచ్చువంటిది 'క్లాసు', చిలుకవంటిది 'ఆబ్జెక్టు'. నార్వే దేశీయులగు డాల్, నైగార్డ్ అనువారు 1960వ దశాబ్దమున రూపొందించిన సిమ్యులా 67 భాష ఈ పద్ధతికి మూలము.

ఏ అచ్చు కావలెనో సాధారణముగా ప్రోగ్రాము వ్రాయునపుడే నిశ్చయింతురు. కాని, వచ్చిన బిడ్డ "చిలుక" అని కోరిన పిదపనే అచ్చును వెదకి తీయవలసిన సందర్భములును కలవు. జావా భాషలో 'క్లాస్.ఫర్‌నేమ్' అను ఆజ్ఞ పేరునుబట్టి క్లాసును తెచ్చును. పిమ్మట దాని 'కన్‌స్ట్రక్టరు' ఆబ్జెక్టును నిర్మించును.

ఇందు రెండు జాగ్రత్తలు అవసరము. పేరున ఒక్క అక్షరము తప్పినను క్లాసు దొరకదు. ప్రోగ్రాము నడుచునపుడు గాని ఆ తప్పు బయటపడదు. మరియు, బయటివారు పంపిన ప్రతి పేరును నమ్మినచో, మనము తలపని వస్తువు పుట్టి హాని కలిగింపవచ్చును. కావున అనుమతించిన పేర్ల పట్టికను ముందుంచుకొని, అందున్నవానినే అంగీకరింపవలెను.

ఆజ్ఞలు ఆంగ్లాక్షరములలో నున్నను, వాని భావము ఇంటి భాషలోనే తెలియును. అచ్చునకు, చిలుకకు గల భేదమును నేటి రాత్రి మీ బిడ్డనడుగుడు. తన మాటలలో చెప్పగలిగినచో పాఠము అందినట్లే.