అంతర్జాలమున అంతరంగ రక్షణ : డెబియన్‌పై టార్ బ్రౌజరును అమర్చుకొను విధానము



మనుష్యుని ముఖము చూచి అతని మనస్సును గ్రహించుట కష్టము. కాని అతడు ఏయే విషయములను గూర్చి వెదకుచున్నాడో తెలిసినచో అతని మనస్సు సగము తెలిసినట్లే. ఒక విద్యార్థిని తన వ్యాధిని గూర్చి తల్లికి చెప్పక ముందే కంప్యూటరును అడుగుచున్నది. ఒక యువకుడు ఇంటి అప్పును గూర్చియు, మరియొకడు పరీక్ష తప్పిన పిమ్మట మిగిలిన మార్గములను గూర్చియు అడుగుచున్నాడు. ఈ ప్రశ్నలు అడిగిన వారికిని, బదులిచ్చిన వారికిని మధ్యనే నిలిచిపోవుట లేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లీ రూపొందించిన ‘కుకీ’ అను చిన్న గుర్తు, వచ్చినవాడే మరల వచ్చెనని వెబ్‌సైటు తెలిసికొనుటకై పుట్టినది. కాలక్రమమున అదియే ప్రకటనల వ్యాపారుల చేతిలో, ఒక సైటు నుండి మరొక సైటునకు మన వెంట నడచు వేగులవాడైనది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. కాని రాజ్యాంగములోని హక్కు మన కంప్యూటరులోనికి తనంతట తాను దిగిరాదు. దానిని కాపాడుకొను పద్ధతిని నేర్వవలెను. ఆ పద్ధతులలో ఒకదానిని ఈ వ్యాసమున వివరించెదను.

పునాది

గోడలు అద్దములైన ఇంటికి గట్టి తలుపు పెట్టి ప్రయోజనము లేదు. బ్రౌజరు తలుపు వంటిది. దానిని మోయు ఆపరేటింగ్ సిస్టమ్ ఇల్లు వంటిది. కావున ముందుగా ఇంటిని గూర్చి యోచింపవలెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. ఈ రెండింటిని కలిపి 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించెను. ఉబుంటు దీని నుండి పుట్టినదే. మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన ‘బాస్’ వ్యవస్థకును డెబియన్ యే ఆధారము.

వీటి మూలసంకేతము ఎల్లరకు బహిరంగము. విందు వంట అతిథుల యెదుటనే జరిగినట్లు, ఇందు ఏ పాలు ఎంత కలిపిరో ఎవరైనను చూడవచ్చును. ప్రతివాడును చూడకపోవచ్చును, కాని చూడగలవారు ఎప్పుడైనను చూచెదరను ఎరుక వంటవానిని జాగ్రత్తపరచును.

టార్ పనిచేయు తీరు

1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున ఈ విధానమునకు బీజము పడినది. రోజర్ డింగల్‌డైన్, నిక్ మాథ్యూసన్, పాల్ సైవర్‌సన్ దానిని టార్‌గా రూపొందించిరి. 2006లో టార్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడినది. టార్ బ్రౌజరు ఫైర్‌ఫాక్స్‌ను ఆధారముగా చేసికొని నిర్మింపబడినది.

ఒక ఉత్తరమును మూడు కవర్లలో, ఒకదానిలో నొకటి పెట్టి అతికించితిమని అనుకొనుడు. మొదటి మజిలీవాడు పై కవరు చించి, రెండవవాని చిరునామా చూచి పంపును. రెండవవాడు తన కవరు చించి మూడవవానికి పంపును. మూడవవాడు చివరి కవరు విప్పి గమ్యమునకు చేర్చును. పంపినవారెవరో మొదటివానికి తెలియును. ఎచ్చటికి పోవునో తెలియదు. ఎచ్చటికి పోవునో మూడవవానికి తెలియును. ఎవరు పంపిరో తెలియదు. టార్ సాధారణముగా ఇట్లే మూడు కంప్యూటర్ల మీదుగా మన విన్నపమును పంపును. ఇంతేగాక, బ్రౌజరును మూసినంతనే కుకీలను, చూచిన పుటల జాబితాను తుడిచివేయును.

అమర్చు క్రమము

ఒకటవది : డెబియన్ లేక ఉబుంటు కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ తెరచి, టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ అను చిరునామాను స్వయముగా టైపు చేయవలెను. లినక్స్ కొరకైన ఫైలును, దానితోపాటు ‘సిగ్నేచర్’ అను చిన్న ఫైలును దించుకొనవలెను. మిత్రుని పెన్‌డ్రైవు నుండి గాని, వీడియో క్రింద ఇచ్చిన లంకె నుండి గాని తీసికొనరాదు.

రెండవది : జీపీజీ అను ఉపకరణము ద్వారా నిర్మాతల బహిరంగ తాళపుచెవిని తెప్పించుకొనవలెను. ఆ చెవికి నలుబది అక్షరాంకముల వేలిముద్ర యుండును. దానిని టార్ సంస్థ ప్రకటించిన వేలిముద్రతో మొదటి నుండి చివరి వరకు పోల్చవలెను. చివరి ఎనిమిది కలిసినంత మాత్రమున చాలదు. ఆ ఎనిమిదింటిని కలుపు నకిలీ చెవులను తయారుచేయుట సాధ్యమే.

మూడవది : ఆ చెవితో సిగ్నేచరును పరీక్షింపవలెను. ‘గుడ్ సిగ్నేచర్’ అని వచ్చినచో ఫైలు అసలైనది. దాని క్రింద, ఈ చెవి ధ్రువీకరింపబడలేదను హెచ్చరిక కూడ కనబడవచ్చును. చెవికి మనము హామీ ఈయలేదని మాత్రమే దాని భావము; భయపడ నక్కరలేదు. ‘బ్యాడ్ సిగ్నేచర్’ అని వచ్చినచో మాత్రము ఫైలును తొలగించి, మరల మొదటి నుండి ఆరంభింపవలెను.

నాలుగవది : కట్టను విప్పి, అందలి ఫోల్డరులోని ప్రారంభ ఫైలును నడిపి, ‘కనెక్ట్’ మీట నొక్కవలెను. దీనికి అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అవసరము లేదు. అట్లని కళాశాల కంప్యూటరుపై అనుమతి లేక అమర్చుట తగదు.

ముద్ర విలువ

పై నాలుగింటిలో తొందరపాటు గలవారు విడిచిపెట్టునవి రెండవది, మూడవది. కుతుబ్‌షాహీల కాలమున ఫర్మానాలు పారశీకముతోపాటు తెలుగునను వెలువడెడివి. వాటిని తెచ్చినవాని దుస్తులు చూచి కాదు, వాటిపై గల మొహరు చూచి నమ్మెడివారు. వెబ్‌సైటు దుస్తుల వంటిది. సిగ్నేచరు మొహరు వంటిది. 2016 ఫిబ్రవరిలో దుండగులు లినక్స్ మింట్ వారి వెబ్‌సైటులోనికి చొరబడి, దొంగదారి గల నకిలీ ఫైలునకు లంకెలు పెట్టిరి. అసలు సైటునకే పోయినవారును మోసపోయిరి. 2019లో, రష్యన్ భాషీయులను ఉద్దేశించి వ్యాపింపజేసిన నకిలీ టార్ బ్రౌజరును ఈసెట్ సంస్థ బయటపెట్టినది; అది వాడినవారి బిట్‌కాయిన్లను దొంగిలించెడిది. గోప్యత కొరకు తెచ్చుకొన్న పనిముట్టే దొంగ చేతి తాళపుచెవి యైనది! పరీక్షకు పట్టు పది నిమిషములను మిగుల్చుకొనబోయినవారు సర్వమును కోల్పోవుదురు.

హద్దులు

టార్ వాడినంతనే మనము అదృశ్యులము కాము. 2007లో స్వీడన్ దేశీయుడు డాన్ ఎగర్‌స్టాడ్ మూడవ మజిలీ కంప్యూటర్లను కొన్నింటిని తానే నడిపి, పలు దౌత్య కార్యాలయముల ఈమెయిలు పాస్‌వర్డులను సేకరించి ప్రకటించెను. వాటిలో మన దేశపువియు కలవు. సంకేతలిపి లేక పంపిన సందేశమును చివరి కవరు విప్పినవాడు చదువగలడని దీనివలన తేలినది. కావున ‘హెచ్‌టీటీపీఎస్’ లేని సైటులో రహస్యమేదియు వ్రాయరాదు.

2013 డిసెంబరులో హార్వర్డు విద్యార్థి యొకడు పరీక్ష తప్పించుకొనుటకై టార్ ద్వారా బాంబు బెదిరింపు పంపెను. ఆ సమయమున విశ్వవిద్యాలయపు నెట్‌వర్కు నుండి టార్ వాడినవారిని విచారించి పోలీసులు అతనిని కనుగొనిరి. ఏమి చేయుచున్నామో టార్ దాచును గాని, టార్ వాడుచున్నామన్న సంగతిని సాధారణముగా దాచదు. నేరమునకు కవచముగా తలచినవాడు మూర్ఖుడు. మరియు స్వంత పేరుతో లాగిన్ అయినచో పేరు తెలియకుండునా? ఉపకారవేతన దరఖాస్తునకు, బ్యాంకు పనికి మామూలు బ్రౌజరే తగినది.

ముగింపు

కళాశాల కార్యవర్గమునకు ఒక విన్నపము. కంప్యూటరు ప్రయోగశాలలో కొన్ని యంత్రములపై డెబియన్ అమర్చి, సిగ్నేచరును పరీక్షించు విధానమును ఒక్క తరగతిలో నేర్పింపుడు. ఇందుకు లైసెన్సు రుసుము లేదు. బ్రౌజర్లు మారిపోవచ్చును, పరీక్షించి నమ్ము అలవాటు జీవితాంతము నిలుచును.

ఉర్దూలో ‘అమానత్’ అను చక్కని మాట కలదు. నమ్మి అప్పగించిన సొత్తని దాని అర్థము. మన ప్రశ్నలు, మన భయములు, మన ఆశలు అట్టి సొత్తు. దానిని ఎవరి చేతిలో పెట్టుచున్నామో ముద్ర చూచి, హద్దు లెరిగి పెట్టుట విద్యావంతుని లక్షణము.