ఒక గింజ తక్కువ

చదువవలసిన భాగములు: మత్తయి 18:23–35, నెహెమ్యా 5:1–13

మన నిడదవోలుకు గోదావరి ఆవల నున్న రాజమహేంద్రవరమును రాజరాజ నరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దమున పావులూరి మల్లన అను కవి, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన పేరున చెప్పుకొను ఒక పద్యములో చదరంగపు లెక్క యున్నది. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు 64 గడులు రెట్టించుచు పోయినచో మొత్తమెంత? చంద్రుడనిన 1, వేదములనిన 4, ఆకాశమనిన 0 అని అంకెలను మాటలలో దాచి, ఒకట్ల స్థానము మొదలుకొని కవి చెప్పెను. విప్పి వ్రాసినచో 18446744073709551615.

వెయ్యి వడ్లగింజల బరువు 25 గ్రాములనుకొందము. పది గడులు నిండునప్పటికి 1023 గింజలే, గుప్పెడైనను కావు. 22వ గడిలో 75 కిలోల బస్తా నిండి పొరలును. 64 గడులకు కావలసిన ధాన్యమో, ప్రపంచమంతయు నేడు ఏటేట పండించు వడ్లను 500 ఏండ్లు కూడబెట్టినను చాలదు.

ఈ సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యలు మాత్రమే హెచ్చించి పొందగలము. వీటిలో 641, 6700417 అను రెండు దాగియుండెను. ఆ రెండింటి లబ్ధము 4294967297 విడదీయరానిదని ఫెర్మా తలచెను, 1732లో ఆయిలరు 641తో భాగించి చూపెను. ఆయిలరు ఒక పాదిరిగారి కుమారుడు. ఈ మాట చెప్పుటకు మాకు కొంత సంతోషమే.

అయితే మమ్మును నిలిపినది వేరొక గుణము. ఒకటి, రెండు, నాలుగు కలిపిన 7. తరువాతి గడికి 8 కావలెను. ఏ గడియొద్ద ఆగి చూచినను, అంతవరకు పోసినదంతయు తరువాతి గడికి ఒక గింజ తక్కువ. రెట్టింపగు అప్పు ఇట్టిదే. నూటికి నెలకు మూడు రూపాయలు, వడ్డీకి వడ్డీ వేసినచో 24 నెలలలో అసలు రెట్టింపగును. పదివేలు పదేండ్లలో మూడు లక్షలు దాటును.

మత్తయి సువార్తలో దాసుడు పదివేల తలాంతులు ఋణపడెను. తలాంతు 6000 దేనారములు. దేనారము ఒకనాటి కూలి. ఏటికి 300 దినములు పనిచేసినను రెండు లక్షల ఏండ్ల కూలి! అంతయు చెల్లింతునని అతడు మొక్కుచున్నాడు. రాజు ఆ మాట నమ్మలేదు, కనికరపడి విడిచిపెట్టెను. తోటిదాసుడు అతనికి అచ్చియున్నది నూరు దేనారములు, అనగా విడువబడిన దానిలో ఆరు లక్షలవ వంతు. దానికే గొంతు పట్టుకొనెను.

మన సంఘములలో అప్పిచ్చినవారును తీసికొన్నవారును ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నారు. పండుగనాడు నోటు తిరగవ్రాయించుకొని, ఆదివారము ప్రక్కన కూర్చుండువారు మనలో లేరా? ఈ నెల కూటములలో నెహెమ్యా 5వ అధ్యాయమును పెద్దలు తమ ఇండ్లలోని నోట్లను ఎదుట పెట్టుకొని చదువవలెనని కోరుచున్నాము. యెరూషలేము ప్రధానులు వడ్డీని, పొలములను తిరిగి ఇచ్చెదమనిరి. నెహెమ్యా ఆ మాటతో తృప్తిపడక, యాజకులను పిలిపించి ప్రమాణము చేయించి, వారి యెదుట తన ఒడిని దులిపెను.