అవిల్‌తో సరిపెట్టుకోవచ్చా?

రొయ్యల కూర తిన్న పావుగంటకే భర్తకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బొంగురుపోయి, కళ్లు తిరిగాయని ఓ పాఠకురాలు రాశారు. అవిల్ ఇంజెక్షన్‌తో తగ్గిందట. మళ్లీ వస్తే అదే చాలా అన్నది ఆమె ప్రశ్న.

చాలదు. ఉత్త దద్దుర్లే అయితే అవిల్ సరిపోవచ్చు. వాటికి గొంతు మారడం, ఆయాసం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం ఏది తోడైనా అది అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) కిందే లెక్క. కందిరీగ కుట్టినప్పుడో, ఇంజెక్షన్ పడనప్పుడో ఒక్కోసారి దద్దురే కనిపించకుండా బీపీ పడిపోతుంది.

దీనికి మొదటి మందు అడ్రినలిన్. తొడ మధ్యలో, బయటివైపు కండరానికి, కిలో బరువుకు 0.01 మి.గ్రా. చొప్పున, పెద్దలకైనా 0.5 మి.గ్రా. మించకుండా డాక్టర్లు ఇస్తారు. గొంతు వాపు తగ్గించి, బీపీని నిలబెట్టేది అదే. 5 నిమిషాల్లో తేరుకోకపోతే మరో మోతాదు. అవిల్ దురదను తగ్గిస్తుందే తప్ప పడిపోయిన బీపీని లేపలేదు.

ఇళ్లల్లో జరిగే పెద్ద పొరపాటు మరొకటుంది. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని రోగిని ఆటో దాకా నడిపిస్తారు. ఆ స్థితిలో నిలబెడితే గుండెకు రక్తం చేరక క్షణాల్లో ప్రాణం పోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి 108కి ఫోన్ చేయాలి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టవచ్చు, నడిపించకూడదు.

తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు తిరగబెట్టవచ్చు కనుక ఆస్పత్రిలో ఉంచి కనిపెట్టి చూడాలి. ఆయన అలర్జీ నిపుణుడికి చూపించుకునేదాకా రొయ్యలు, పీతలు ముట్టకూడదు.