నాచు నుంచి డీజిలు: ఆశపడేముందు లెక్క చూడండి

కుంటల్లో, బావి మెట్ల మీద పట్టే పచ్చటి నాచు మీకు కొత్త కాదు. అలాంటిదే, కంటికి విడిగా ఆనని సన్న నాచు నుంచి డీజిలు తీయవచ్చని, ఫ్యాక్టరీల పొగ కూడా తగ్గుతుందని అంటున్నారు. ఇందులో నిజమెంత, మనకు ఒరిగేదెంత?

ఎలా పనిచేస్తుంది?

నాచు కూడా మీ పైరు లాంటిదే. ఎండ, బొగ్గుపులుసు వాయువు తీసుకుని పెరుగుతుంది. కిలో ఎండు నాచుకు సుమారు కిలో 800 గ్రాముల వాయువు కావాలి. థర్మల్ కేంద్రం పొగను కుంట నీటిలోకి పంపితే అందులోని వాయువును నాచు పీల్చుకుంటుంది. కొన్ని రకాల్లో నూనె బాగా చేరుతుంది. దాన్నే డీజిలుగా మారుస్తారు. అయితే ఆ డీజిలు కాల్చగానే వాయువు మళ్లీ గాలిలో కలుస్తుంది. ఆ మేరకు భూమిలోని చమురు మిగలడమే లాభం.

అమెరికా అనుభవం

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు దీనిపై పరిశోధన చేయించింది. న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల కుంటల్లో నాచు పెంచారు. మంచి రోజున చదరపు మీటరుకు 50 గ్రాములు వచ్చింది. రాత్రి చలి వల్ల సగటు మాత్రం 10 గ్రాముల దగ్గరే ఆగింది. అంటే ఎకరాకు రోజుకు 40 కిలోలు. కానీ లీటరు నీటిలో గ్రాము నాచు కూడా ఉండదు. 40 కిలోలు చేతికి రావాలంటే 40 వేల లీటర్లకు పైగా నీరు వడగట్టాలి. ఖర్చంతా అక్కడే! అన్నీ కలిసొచ్చినా మామూలు డీజిలుకు రెట్టింపు పడుతుందని తేల్చారు. 2009లో దిగిన ఎక్సాన్ మొబిల్ కంపెనీ కూడా 2023లో తప్పుకుంది.

మీరేం చేయాలి?

ఎవరైనా వచ్చి "డిపాజిట్ కట్టండి, నాచు పెంచండి, మేమే కొంటాం" అంటే మూడు విషయాలు అడగండి. వాయువు ఎక్కడి నుంచి తెస్తారు? వడగట్టే కరెంటు ఖర్చు ఎవరిది? కొనే ధర కాగితం మీద రాసిస్తారా? జవాబు సరిగా లేకపోతే అప్పు చేసి మాత్రం దిగకండి.

ఈ రోజు మీకు అక్కరకొచ్చేది వేరే నాచు. నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పొలానికి పట్టి ఇస్తుంది. వరి నాటిన వారం, పది రోజులకు ఎకరాకు 4 కిలోల నాచు పొడి చల్లండి. పది రోజులు మడి ఆరనివ్వకండి. బాగా పెరిగితే ఎకరాకు 8 నుంచి 10 కిలోల నత్రజని, అంటే సుమారు 20 కిలోల యూరియా కలిసొస్తుంది.