30 కిలోమీటర్లే ఎందుకు?

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లో ఒక నిబంధన పెట్టింది. ముఖ్యమైన రోడ్లపై వాహనాల వేగం గంటకు 50 కిలోమీటర్లు మించరాదు. తక్కిన వీధుల్లో 30 మించరాదు. ఈ తేడా వల్ల ఒరిగేదేమిటి? లెక్కకట్టి చూద్దాం.

బంతి కోసం ఒక పిల్లవాడు కారుకు 14 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. డ్రైవరు అతన్ని చూసి బ్రేకు తొక్కడానికి సుమారు ఒక సెకను పడుతుంది. వేగం 30 అయితే, ఆ సెకనులో కారు 8 మీటర్లకు కొంచెం పైగా పోతుంది. బ్రేకు పడ్డాక, పొడి రోడ్డుపై మరో 5 మీటర్లలో ఆగుతుంది. పిల్లవాడు క్షేమం! వేగం 50 అయితే, ఆ ఒక్క సెకనులోనే కారు దాదాపు 14 మీటర్లు పోతుంది. బ్రేకు పడేసరికే పిల్లవాణ్ణి చేరుకుంటుంది!

వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 60 కిలోమీటర్ల వేగానికి అది ఎన్ని మీటర్లో మీరే చెప్పండి.