ప్రోస్టేటు కాన్సరు - చెట్లనుండి లభించు ఔషధములు

అరువది యేండ్లు దాటిన పురుషులలో పలువురు రాత్రివేళ మూడు నాలుగు మారులు మూత్రమునకు లేచుచుందురు. ధార సన్నగిలును. విసర్జన ముగిసినను ఇంకను మిగిలియున్నట్లే తోచును. మన గ్రామములలో వృద్ధులు ఈ బాధను ఇంటివారితోనైనను చెప్పుకొనరు. చెప్పినచో పల్లేరుకాయ కషాయము త్రాగుమని యొకరు, సంతలో అమ్మెడి చూర్ణము మంచిదని వేరొకరు సలహా నిత్తురు. ఆరు నెలలో, ఏడాదియో అట్లే గడచిపోవును. ఆ గడచిన కాలమే ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చుచున్నది.

మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, ప్రోస్టేటు గ్రంథి యను చిన్న అవయవము పురుషులకు మాత్రమే కలదు. యౌవనమున ఇది పెద్ద ఉసిరికాయంత యుండును. వయసు మీరినకొలది పెరుగుట సహజము. ఆ పెరుగుదల కాన్సరు కాదు. మూత్రబాధ గలవారిలో అధికసంఖ్యాకులది ఈ రకమే. కాని కొందరికి అదే గ్రంథియందు కాన్సరు, మనవారు పుట్టకురుపు అనునది, బయలుదేరును. రెండింటికిని పైకి కనబడు లక్షణములు ఒక్కటే కావచ్చును. కాన్సరు ఆరంభదశలో ఏ బాధయు లేకపోవుటయు కలదు. నడుమునందును తుంటియందును విడువని నొప్పి పుట్టునప్పటికి వ్యాధి ఎముకలకు ప్రాకియుండవచ్చును. గ్రంథిలోపలనే యున్నపుడు శస్త్రచికిత్సచేతను, కిరణచికిత్సచేతను నయమగు అవకాశము మెండు. ఎముకలకు ప్రాకిన పిమ్మట అదుపులో నుంచుటయే గాని నిర్మూలించుట సాధారణముగా సాధ్యము కాదు.

వైద్యుడు వ్రేలితో చేయు పరీక్ష, పి.ఎస్.ఎ. యను రక్తపరీక్ష, అవసరమైనచో గ్రంథినుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుట - వీనివలన వ్యాధి తేలును. పి.ఎస్.ఎ. అంకె కాన్సరు లేనివారికిని పెరుగుట కలదు గనుక, ఆ కాగితము చూచినంతనే బెదరిపోరాదు.

ఇక చెట్ల మందుల విషయము. చెట్లనుండి కాన్సరునకు మందు రాదని కొట్టివేయుట సరికాదు. వచ్చినది. అది వచ్చిన త్రోవను తెలిసికొన్నచో సంతలోని చూర్ణమునకును, ఆసుపత్రిలోని మందునకును గల భేదము బోధపడును.

1962లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే, వాషింగ్టను రాష్ట్రపు అడవులలో యూ అను చెట్టు బెరడును సేకరించెను. అది అచటి జాతీయ కాన్సరు సంస్థవారు వేలకొలది మొక్కలను పరీక్షింపించుచున్న కాలము. మన్రో వాల్, మన్సుఖ్ వాణీ అను రసాయనశాస్త్రజ్ఞులు ఆ బెరడును శోధించిరి. పండ్రెండు కిలోల ఎండు సరకునుండి వారికి లభించిన శుద్ధపదార్థము అర గ్రాము మాత్రమే! దాని నిర్మాణమును 1971లో ప్రకటించిరి. 1979లో సూసన్ హార్విట్జ్ అను శాస్త్రవేత్త్రి అది పనిచేయు విధమును కనిపెట్టెను. జీవకణము రెండుగా చీలునపుడు దానిలోపల సన్నని దారములవంటి నిర్మాణము లేచి, పని ముగియగనే విడిపోవును. ఇల్లు కట్టునపుడు స్లాబుక్రింద నిలిపెడి సెంట్రింగు కొయ్యలను పిదప తొలగింతుము గదా, ఇదియు అట్టిదే. ఈ మందు ఆ కొయ్యలను ఊడకుండ బిగించివేయును. కణము చీలలేక చచ్చును. కాన్సరు కణములు విడువక చీలుచుండునవి గనుక దెబ్బ వానికి ఎక్కువగా తగులును.

బెరడు ఒలిచినచో చెట్టు చచ్చును. ఒక్కొక్క రోగికై చెట్లను నరకుచుపోయినచో అడవి మిగులునా? ఫ్రాన్సు దేశమున పియెర్ పోటియే అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఐరోపా యూ చెట్టు ఆకులలో దగ్గరి పోలిక గల వేరొక పదార్థమును కనుగొనిరి. ఆకు కోసినను మరల చిగుర్చును. ఆ పదార్థమునకు ప్రయోగశాలలో మరికొంత భాగము చేర్చి సిద్ధపరచినదే డోసిటాక్సెల్. ప్రోస్టేటు కాన్సరు చికిత్సలో నేడు ప్రధానమైన చెట్టుమందు ఇదియే. మన హిమాలయములందును యూ జాతి చెట్లు గలవు. మందులకై విచ్చలవిడిగా కొట్టుటచే తరిగిపోయి, నేడు వాని వ్యాపారము అంతర్జాతీయ నిబంధనలకు లోబడియున్నది.

దీని ఫలమెంత? ముదిరిన ప్రోస్టేటు కాన్సరు గల 1,006 మందిపై జరిపిన పరీక్షాఫలితములు 2004లో వెలువడెను. పాత మందు పుచ్చుకొన్నవారు మధ్యస్థముగా 16.5 నెలలు, మూడు వారముల కొకమారు డోసిటాక్సెల్ పుచ్చుకొన్నవారు 18.9 నెలలు జీవించిరి. 2015లో వెలువడిన మరియొక పరీక్షలో, ఇతర భాగములకు ప్రాకిన వ్యాధికి హార్మోను చికిత్సతోపాటు మొదటనే ఈ మందు నిచ్చినవారికి 57.6 నెలలును, హార్మోను చికిత్స మాత్రమే పొందినవారికి 44 నెలలును మధ్యస్థ ఆయుర్దాయము కనబడెను. ఇంత శ్రమకు లభించినది కొన్ని నెలల, ఒక యేడాది ఆయువు. అది చిన్న లాభము కాదు. కాని ఒక్క చూర్ణముతో మూడు వారములలో మాయము చేయుదునని చెప్పువాని మాటకును, ఈ అంకెలకును ఎంత దూరమో సభ్యులు గమనింతురు గాక.

మరియొక ముఖ్యాంశము. యూ ఆకు విషము. దానిని మేసిన పశువులు గుండె ఆగి చచ్చుట కలదు. ఆ ఆకు నమిలినవానికి డోసిటాక్సెల్ లభింపదు, ఆ మందు ఆకులో లేదు గనుక. విషము మాత్రము లభించును. మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరు సంగతియు ఇట్టిదే. మధుమేహమునకు మంచిదను నమ్మకముతో జమైకా ద్వీపమున దాని ఆకు కాచి త్రాగుచుండిరి. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు దానిని పరిశీలింపగా చక్కెర తగ్గలేదు గాని ఎలుకల నెత్తుటిలో తెల్లకణములు పడిపోయెను. 1958లో ప్రకటింపబడిన ఆ శోధనమునుండి రక్తసంబంధమైన కాన్సరులకు గొప్ప మందులు వెలసినవి. అవి ప్రోస్టేటు కాన్సరునకు వాడుక మందులు కావు. ఐనను బిళ్ళగన్నేరు కాన్సరును మాన్పునని విని ఆకు కషాయము త్రాగించువారు కలరు. మోతాదు తెలియని ఆ కషాయము నరములకును, ఎముకల మూలుగకును చేటు.

పసుపు, దానిమ్మ, టమాటాలలోని పదార్థములు గాజుపాత్రలోని కాన్సరు కణములను అణచినవని పత్రికలలో తరచుగా చదువుచుందుము. గాజుపాత్ర వేరు, మనుష్యదేహము వేరు. పసుపులోని కర్క్యుమిన్ కడుపులోనికి పోయినను రక్తములోనికి చేరునది బహు స్వల్పము. కూరలో వేసికొనుటకు అభ్యంతరమేమియు లేదు. చికిత్స మానుకొని దానిని నమ్ముకొనుట తగదు.

మూలికల పేర మోసము ఏ రూపమున రాగలదో తెలుపుటకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతము చాలును. 1941లోనే ఛార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుడు ఈ కాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగుననియు, స్త్రీ హార్మోనువంటి మందు నిచ్చినచో తగ్గుననియు నిరూపించెను. 1966లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ మందు వలన రక్తము గడ్డకట్టు ప్రమాదమును కలదు. 1996 నుండి ఎనిమిది మూలికల మిశ్రమమని పి.సి.-స్పెస్ అను గుళికలు అచట అమ్ముడుపోయెను. పుచ్చుకొన్నవారి పి.ఎస్.ఎ. నిజముగానే తగ్గెను, వైద్యులును ఆశ్చర్యపడిరి. పిదప పరీక్షింపగా ఆ గుళికలలో హగ్గిన్స్ నాటి ఆ స్త్రీ హార్మోను మందే బయటపడెను. రక్తమును పలుచన చేయు వార్ఫరిన్, నొప్పి తగ్గించు ఇండోమెథాసిన్ కూడ అందు కలిసియుండెను. 2002లో గుళికలు సంతనుండి తొలగింపబడినవి. మూలిక లనుకొని మ్రింగిన రోగికి తాను ఏమి మ్రింగుచున్నాడో, అతని వైద్యునికి ఏమి కనిపెట్టవలెనో తెలియకపోయెను.

మన దేశమున 1954 నాటి మందులు, మాయచికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము క్రింద కాన్సరును మాన్పుదుమని ప్రకటించుట నిషిద్ధము. ఆ చట్టపు పట్టికలో ప్రోస్టేటు గ్రంథి వ్యాధులును వేరుగ పేర్కొనబడినవి. సంతపాట పంచాయతిదే గనుక, మైకు పెట్టి ఇట్టి మందు లమ్మువానికి చోటు నిరాకరించుట సభ్యుల చేతిలోని పని. కరపత్రము దొరకినచో దానిని ఔషధ నియంత్రణ శాఖవారికి పంపవచ్చును.

వృద్ధుడు మూత్రబాధను ఆశా కార్యకర్తతో చెప్పుటకు సిగ్గుపడును. వరుసకు బావయైన వార్డు సభ్యునితో రచ్చబండవద్ద చెప్పుటకు అంతగా సిగ్గుపడడు. కావున ఈ ప్రసంగము మగ సభ్యులు ఎత్తుటయే మేలు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటినుండి ప్రభుత్వాసుపత్రికి పంపవలెను. కాన్సరని తేలినచో హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రియు, విశాఖపట్టణమున హోమీ భాభా కాన్సరు ఆసుపత్రియు గలవు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమైన ప్రభుత్వ వైద్య పథకము క్రింద అర్హులైన కుటుంబములకు కాన్సరు చికిత్స లభించును. డోసిటాక్సెల్ దేశపు అత్యవసర ఔషధముల పట్టికలోనిదే.

చికిత్స పొందుచున్నవారు తాము త్రాగు కషాయములను, మ్రింగు చూర్ణములను వైద్యునికి దాచక చెప్పవలెను. డోసిటాక్సెల్‌ను కాలేయము కరగించును. కొన్ని మూలికలు ఆ పనిని మందగింపజేయును, కొన్ని త్వరపరచును. ఈ మందు ఎక్కించిన కొలది దినములకు నెత్తుటిలో తెల్లకణములు తగ్గును. అట్టి సమయమున జ్వరము తగిలినచో తెల్లవారువరకు ఆగరాదు. మిరియాల కషాయముతో చూతమనియు అనరాదు. వెంటనే 108కి ఫోను చేసి, మందు ఎక్కించిన చీటీతో సహా రోగిని ఆసుపత్రికి చేర్పవలెను.